నిశ్చితార్థానికి ముందు మాట

(గురజాడ అప్పారావు స్మారకోపన్యాసం, ఆమదాలవలస)



గురజాడ అప్పారావు గారి పేరు మీద మాట్లాడమని పిలిచినప్పుడు కాస్త వెనకాడాను. నేను పండితురాలిని కాను. ఈ జిల్లా కోర్టుల్లో కుటుంబ తగాదాలు చూసుకునే వకీలుని. అయితే ఆయన రాసిన పెద్ద నాటకం పెళ్లి గురించి, నా బల్ల మీదికి వచ్చే కాగితాలూ పెళ్లి గురించే. ఆ దారినే వచ్చి నాలుగు మాటలు చెబుతాను.

1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయింది. దానికి గురజాడ ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. నాటకంలో మాటలు నోటికొచ్చినవాళ్లు కూడా ఆ ముందుమాట దగ్గర పేజీ తిప్పేస్తుంటారు. అందులో ఒక లెక్క ఉంది. విజయనగరం ప్రభువు ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్క వివాహాల, అంటే పిల్లను డబ్బిచ్చి చేసుకున్న పెళ్లిళ్ల, జాబితా తీయించారు. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు తేలాయి. పెళ్లికూతుళ్లలో 99 మందికి ఐదేళ్లు. 44 మందికి నాలుగు. 36 మందికి మూడు. ఆరుగురికి రెండు. ముగ్గురికి ఒక్క ఏడాది. ఆ ఏడాది వయసు పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకు కూడా బేరం కుదిరిపోయేదట.

ఈ అంకెలు చదివి మనం అయ్యో అనుకుంటాం, ఆ రోజులు పోయాయి కదా అని ఊపిరి పీల్చుకుంటాం. నాకు మాత్రం ఆ లెక్కలో ఇంకొకటి కనబడుతుంది. పెళ్లికి ముందు బేరం అనేది మన దగ్గర ఎప్పుడూ ఉంది. అది చాలా వివరంగా, రూపాయి అణాలతో సహా జరిగింది. జరగనిది ఒక్కటే. కాపురం చేయబోయే ఇద్దరూ ఆ బేరంలో కూర్చోలేదు. నాటకంలో అగ్నిహోత్రావధాన్లు తన చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి పద్దెనిమిది వందలకి ఖాయం చేస్తాడు. ఇంట్లో తల్లి ఏడుస్తుంది, మేనమామ పన్నాగం పన్నుతాడు, ఊరంతా ఆ పెళ్లి చుట్టూ తిరుగుతుంది. సుబ్బిని అడిగినవాడు లేడు. ఆ నాటకంలో తన బతుకు గురించి తనే షరతులు చెప్పుకునే ఆడమనిషి వేశ్య మధురవాణి ఒక్కతే. ఎవరి దగ్గర ఏ మాట తీసుకోవాలో, దేనికి ఒప్పుకోవాలో, ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు. గౌరవమైన ఇంట పుట్టిన సుబ్బి అక్క బుచ్చమ్మకు ఆ విద్య ఎవరూ నేర్పలేదు. అడగడం తెలియని పిల్లకు మాయమాటలు చెప్పడం ఆ ఇంటికి చదువు చెప్పడానికి వచ్చిన గిరీశానికి ఎంత తేలికయిందో మీరందరూ చదివారు. గురజాడ ఆ ఇద్దరినీ ఒకే నాటకంలో పెట్టడం ఊరికే జరిగిందని నేను అనుకోను.

మన ప్రాంతంలో మా తాతల నాటికి చాలా కులాల్లో పిల్లకు ఓలి ఇచ్చి చేసుకునేవాళ్లు. చదువులు, ఉద్యోగాలు వచ్చాక లెక్క తిరగబడింది. ఓలి పోయి కట్నం వచ్చింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చింది. దాని ప్రకారం కట్నం ఇచ్చినవాళ్లకీ తీసుకున్నవాళ్లకీ శిక్ష ఉంది. అయినా ఈ ఊళ్లో ఏ వీధిలో సంబంధం కుదిరినా హాల్లో ఏం జరుగుతుందో మీకు చెప్పాలా? చాప మీద పెద్దలు కూర్చుంటారు. మధ్యవర్తి జేబులోంచి పెన్ను తీస్తాడు. నాలుగు మూలలా పసుపు రాసిన కాగితం ఒకటి ఉంటుంది. పిల్లకు పసుపు కుంకుమ కింద ఎంత, భూమా సొమ్మా, బండి ఏ కంపెనీది, ఆడపడుచు లాంఛనం ఎంత, సారెలో మంచం, బీరువాతో పాటు ఫ్రిజ్ ఉందా, అరిసెలు ఎన్ని, పెళ్లి పిల్ల ఇంటనా పిల్లాడి ఇంటనా, బస్సులు ఎవరు పెట్టాలి, భోజనాల ఖర్చు ఎవరిది. ఒక్కొక్కటీ తేలుతుంది. ఒక పెద్దాయన అలుగుతాడు, ఇంకొకాయన సర్దిచెబుతాడు. మూడు గంటలు పడుతుంది. వంటింట్లో ఆడవాళ్లు టీ పెట్టి, మళ్లీ పెట్టి అలసిపోతారు.

అదంతా అయ్యాక ఎవరో ఒకరు ఉదారంగా అంటారు: “కాలం మారింది కదండీ, పిల్లా పిల్లాడూ ఓ పది నిమిషాలు మాట్లాడుకోనీండి.”

ఇద్దరూ మేడ మీదికి వెళతారు. ఆరేసిన వడియాల పక్కన నిలబడతారు. కింద మెట్ల దగ్గర చిన్నపిల్లలు తొంగి చూస్తుంటారు. అతను “ఏం చదివారు?” అంటాడు. అది అతనికి ముందే తెలుసు, బయోడేటాలో ఉంది. ఆమె చెబుతుంది. “వంట వచ్చా?” అంటాడు. “కొంచెం” అంటుంది. “మీరేమైనా అడుగుతారా?” అంటాడు. ఆమె తల అడ్డంగా ఊపుతుంది. దిగి వచ్చేస్తారు. కింద అందరూ నవ్వుతూ చూస్తారు, నచ్చినట్టే అనుకుంటారు, తాంబూలాలు మార్చుకుంటారు.

నలభై యాభై ఏళ్ల కాపురానికి పది నిమిషాలు. బస్సు ఎవరు పెట్టాలన్న మాటకే అరగంట పట్టిన ఇంట్లో.

నా దగ్గరికి వచ్చే కాగితాల్లో వేధింపు అని ఉంటుంది, వదిలేశాడు అని ఉంటుంది, వెళ్లిపోయింది అని ఉంటుంది. కొట్టడం, హింసించడం నిజంగా ఉన్న కేసులు ఉన్నాయి. వాటి గురించి ఈ రోజు మాట్లాడను. అవి మాటలతో తీరేవి కావు, వాటికి పోలీసు, కోర్టు కావాలి. కానీ హింస లేని ఇళ్లు కూడా విరిగి నా దగ్గరికి వస్తాయి. వాళ్లతో కూర్చుని ఓపిగ్గా వింటే అడుగున ఉండేవి చాలా మామూలు సంగతులు. ఉద్యోగం మానేస్తుందని మేం అనుకున్నాం. మానను అని ఆ పిల్ల ముందు చెప్పలేదు. నెలనెలా జీతంలో ఐదువేలు పుట్టింటికి పంపుతోంది. వాళ్లమ్మని మాతోనే ఉంచుతాడని మాకెవరూ చెప్పలేదు. అప్పుడే పిల్లలు వద్దన్నాడు. అక్క పెళ్లికి చేసిన అప్పు ఉందని పెళ్లయ్యాక తెలిసింది. ఇందులో ఏదీ దాచిపెట్టాలని దాచింది కాదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు. అడగకూడదని ఇద్దరికీ చిన్నప్పటి నుంచి నేర్పారు.

ఇప్పుడు మన పిల్లల బతుకులు ఎలా ఉన్నాయో చూడండి. మన ఊరికి శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉంది. సాయంత్రం ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడితే జిల్లా మొత్తం కనిపిస్తుంది. హైదరాబాదు వెళ్లే సాఫ్ట్‌వేర్ పిల్లలు, సెలవు అయిపోయి ఇనప పెట్టెతో బయల్దేరిన ఆర్మీ జవాన్లు, ఇళ్లు కట్టే పనికి పోయే కుటుంబాలు, విశాఖలో నర్సింగ్ చదివే అమ్మాయిలు. తీరం ఊళ్ల నుంచి గుజరాత్‌లోని వెరావల్ దాకా చేపల వేటకు పోయేవాళ్లు. అలా వెళ్లిన మన మత్స్యకారులు 2018 చివర్లో పాకిస్తాన్ చేతికి చిక్కారు. 2020 జనవరిలో వాళ్లు వాఘా దాటి వచ్చేదాకా ఇక్కడ భార్యలు ఎలా బతికారో ఆ ఊళ్లకు తెలుసు. పెళ్లి అంటే ఒకే ఊళ్లో ఒకే ఇంట్లో ఇద్దరు ఉండడం అనే లెక్క మన జిల్లాలో ఎన్నడో చెల్లిపోయింది. జవానుకు కుటుంబంతో ఉండే క్వార్టరు పీస్ స్టేషన్‌లో ఉన్నప్పుడే, అదీ వంతు వచ్చినప్పుడే. మిగిలిన ఏళ్లు భార్య ఎక్కడ ఉంటుంది? అత్తవారింటా, పుట్టింటా, సొంతంగా శ్రీకాకుళంలో గది తీసుకునా? పెళ్లిచూపుల్లో ఈ ప్రశ్న ఎంతమంది అడుగుతున్నారు?

అమెరికా సంబంధం అనగానే మన కళ్లు ఇంకా మెరుస్తాయి. హెచ్-1బీ మీద ఉన్నవాడి భార్యకు హెచ్-4 వీసా వస్తుంది. ఇక్కడ ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం చేసిన పిల్ల అక్కడ దిగాక ఆ వీసా మీద పని చేయడానికి వీల్లేదు. 2015 మేలో అక్కడి ప్రభుత్వం నియమం మార్చింది. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితేనే భార్య పని అనుమతికి పెట్టుకోవచ్చు. అంటే పెళ్లికి ముందు అడగవలసింది అబ్బాయి జీతం ఒక్కటే కాదు. నీ దరఖాస్తు ఏ దశలో ఉంది, నేను ఎన్నేళ్లు పని లేకుండా ఉండాలి, ఆ ఏళ్లలో ఏం చదువుకోవచ్చు అని. ఇది అడిగిన అమ్మాయిని “మరీ తెలివైంది” అంటారు. ఆ తెలివి లేకపోతే ఒక వంటింట్లో ఏళ్లు గడిచిపోతాయి.

ఒక జంట గురించి చెబుతాను. పేర్లు అనవసరం, వాళ్లు ఇప్పుడు బాగున్నారు. ఆ అమ్మాయి డీఎస్సీ రాసి టీచరయింది. పోస్టింగు ఇక్కడికి దగ్గర్లోనే, బూర్జ వైపు ఒక బడి. అబ్బాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. పెద్దల బేరాలన్నీ అయిపోయాయి, ముహూర్తం ఒక్కటే మిగిలింది. ఆ పిల్ల తండ్రితో అంది: “నాన్నా, ఇంకొక్కసారి అతనితో మాట్లాడి అప్పుడు చెబుతాను.” తండ్రి రైల్వేలో చేసిన మనిషి. ముందు కసిరాడు, తరవాత ఒప్పుకున్నాడు. అబ్బాయి విశాఖ ఎక్స్‌ప్రెస్‌కు వెళ్లే రోజున వాళ్లిద్దరూ మన స్టేషన్‌లో బెంచీ మీద కూర్చున్నారు. తండ్రి టీ స్టాలు దగ్గర, కనిపించేంత దూరంలో, వినిపించనంత దూరంలో నిలబడ్డాడు. ఆ దూరం గురించి ఆయన నాతో చెప్పినప్పుడు నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఎంత మంచి తండ్రో అది చాలు చెప్పడానికి.

ఆ అమ్మాయి నోటుబుక్ తెచ్చుకుంది. మొదటి మాట ఉద్యోగం. “నేను మానను. ట్రాన్స్‌ఫర్ హైదరాబాదుకి అవదు, అది వేరే రాష్ట్రం. మీరు ఏం చేయగలరు?” అని అడిగింది. అతను కొంతసేపు మాట్లాడలేదట. వాళ్లవైపు అందరూ అనుకుంటున్నది ఆమె సెలవు పెట్టి వచ్చేస్తుందని. అతనూ అదే అనుకున్నాడు. “విశాఖలో మా కంపెనీకి ఆఫీసు ఉంది. అడుగుతాను. ఏడాది పట్టొచ్చు” అన్నాడు. “ఏడాది నేను ఇక్కడే ఉంటాను, మీరు నెలకు రెండుసార్లు రండి, దసరా సంక్రాంతి వేసవి సెలవులకు నేను వస్తాను. ఏడాదిన్నరకి కూడా అవకపోతే మళ్లీ కూర్చుని మాట్లాడుకుందాం” అంది. తారీఖు రాసుకున్నారు.

రెండోది జీతం. తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. అతని చదువు అయ్యేదాకా తన జీతంలో మూడో వంతు ఇంటికి ఇస్తానంది. అతనికి ఇది కష్టమనిపించింది. “మా అమ్మ వింటే గొడవ చేస్తుంది” అన్నాడు. ఆమె అడిగిన మాట ఇది: “మీరు మీ అమ్మగారికి పంపుతున్నారు కదా, నేను గొడవ చేస్తానా?” మన ఇళ్లలో కొడుకు పంపితే బాధ్యత, కూతురు పంపితే దుబారా అవుతుంది. 1987లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, సంపాదన ఉన్న కూతురికి, పెళ్లయినదైనా సరే, తల్లిదండ్రులను పోషించే బాధ్యత ఉందని. ఆ పిల్లకు ఈ తీర్పు తెలియదు. న్యాయం తెలుసు.

ఆమె వదులుకున్నవీ ఉన్నాయి. పెళ్లయ్యాక పుట్టింట్లోనే ఉండి బడికి వెళ్దామనుకుంది. అతని తల్లి ఒంటరిది, మోకాళ్ల నొప్పులు. ఇక్కడికి గంట దూరంలో ఉంటుంది. “వారంలో సగం అక్కడ ఉండు, అమ్మకి ధైర్యం” అని అడిగాడు. ఆమెకు ఇష్టం లేదు. ఒప్పుకుంది, విశాఖ బదిలీ వచ్చేదాకా అని. పిల్లలు రెండేళ్ల తరవాత అనుకున్నారు. ఇల్లు ఎవరి పేరు మీద కొనాలన్న మాట దగ్గర రైలు వచ్చేసింది. మిగిలింది ఫోన్‌లో మాట్లాడుకున్నారు.

ఆ పిల్ల వారంలో మూడు రోజులు అత్తవారింటి నుంచి బస్సు పట్టుకుని బడికి వెళ్లింది. అది త్యాగమే, చిన్నది కాదు. అయితే దానికి కారణం ఇద్దరికీ తెలుసు, గడువు ఇద్దరికీ తెలుసు, బదులుగా అతను ఏం చేస్తున్నాడో కూడా తెలుసు. మన అమ్మలూ అమ్మమ్మలూ చేసిన త్యాగాలకు ఈ మూడూ లేవు. ఎప్పటిదాకా అన్నది లేదు, బదులు అన్నది లేదు, అసలు నువ్వు ఇది వదులుకుంటున్నావు అని గుర్తించినవాళ్లు లేరు.

ఇక్కడ చాసో గారి ‘వాయులీనం’ కథ గుర్తు చేయకుండా ఉండలేను. చాగంటి సోమయాజులు మన శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడ్డ మనిషి. ద్వారం వెంకటస్వామినాయుడు గారి పుణ్యాన ఇంటింటా ఫిడేలు వినిపించిన ఊరు అది. ఆ కథలో ఇల్లాలు పెళ్లికి ముందు వాయులీనం నేర్చుకుంది. పెళ్లయ్యాక సంసారంలో పడి అది మూలనపడింది. ఆమెకు పెద్ద జబ్బు చేస్తే మందులకు డబ్బు చాలక భర్త ఆ వాయులీనాన్ని అమ్మేస్తాడు. మిగిలిన డబ్బుతో ఆమెకు చీర కొని తెస్తాడు. ఆ భర్త దుర్మార్గుడు కాడు. భార్యను బతికించుకున్నాడు. నన్ను వెంటాడేది అమ్మకం కాదు, అంతకు ముందు గడిచిన ఏళ్లు. వాయిద్యం ఇంట్లోనే ఉంది. ఆమె ఎందుకు వాయించడం లేదని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆ వాయులీనం పెళ్లి మాటల్లో ఎక్కడా లేదు. సారె జాబితాలో ఎక్కి ఉండొచ్చు, సామానుగా.

ఈ సభలో ఉన్న అమ్మాయిలు, అబ్బాయిలు అందరికీ ఒక్కొక్క వాయులీనం ఉంటుంది. గ్రూప్స్ రాయాలని ఉంటుంది. పీహెచ్‌డీ చేయాలని ఉంటుంది. వాలీబాల్ ఆడాలని ఉంటుంది. అబ్బాయికి ఉద్యోగం వదిలి ఊళ్లో జీడితోట చూసుకోవాలని ఉంటుంది. ఇది చెప్పడానికి అమ్మాయి కంటే ఎక్కువ భయపడతాడు, ఎందుకంటే ఆ మాట అంటే సంబంధం పోతుంది. ఉద్యోగం చూసే పిల్లనిస్తారు మరి. అదీ పెళ్లికి ముందే బయటపడాలి.

చాసో గారిదే ఇంకొక కథ ‘ఎంపు’. ముష్టెత్తుకుని బతికే తండ్రి, పెళ్లీడు కూతురు. ఆమె మనసు ఒకడి మీద ఉంటే, తండ్రి సంపాదన లెక్కవేసి ఇంకొకడి వైపు మొగ్గుతాడు. ఎవడితో బతుకు ఎలా గడుస్తుందో కూతురితోనే విప్పి మాట్లాడతాడు. ఆయన చెప్పిన సలహా మీకు నచ్చకపోవచ్చు. నాకూ పూర్తిగా నచ్చదు. కానీ కూతురిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నీ బతుకు ఇది అని మాట్లాడాడు. మేడలున్న ఇళ్లలో ఆ పాటి మాట లేదు.

చట్టం ఏమంటుందో కొంచెం చెప్పాలి, అది నా పని. 1978లో ఢిల్లీ హైకోర్టు స్వరాజ్ గార్గ్ అనే ఆమె కేసులో తీర్పు చెప్పింది. ఆమె పంజాబులోని సునాంలో టీచరు, పెళ్లికి ఎన్నో ఏళ్ల ముందు నుంచీ. భర్త ఉద్యోగం ఢిల్లీలో. 1964లో పెళ్లయింది. ఎవరు ఎక్కడికి రావాలన్నది పెళ్లికి ముందు మాట్లాడుకోలేదు. భర్త కోర్టుకెక్కాడు. కాపురం ఎక్కడ పెట్టాలో నిర్ణయించే హక్కు భర్త ఒక్కడికే ఉందని హిందూ చట్టంలో ఎక్కడా లేదని, అది ఇద్దరూ కలిసి తేల్చుకోవలసిందని ఆ కోర్టు చెప్పింది. ఆమె ఉద్యోగం వదలనక్కర్లేదంది. చదివిన ప్రతిసారీ నాకు అనిపించేది ఒకటే. పెళ్లికి ముందు ఒక సాయంత్రం మాట్లాడుకోని మాట హైకోర్టు దాకా నడిచింది. ఆ తరవాత 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి గారు, కాపురానికి రమ్మని కోర్టు ద్వారా ఆజ్ఞ ఇప్పించే హిందూ వివాహ చట్టం సెక్షన్ 9 రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పారు, సినీనటి సరిత కేసులో. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ సెక్షన్ చెల్లుతుందంది. చౌదరి గారి తీర్పు నిలబడలేదు. అందులో స్త్రీ శరీరం గురించి, ఇష్టం గురించి ఆయన పెట్టిన ఆలోచన నిలబడింది, ఇప్పటికీ వాదనల్లో వినిపిస్తుంది.

రాసుకుంటే చెల్లుతుందా అని అడుగుతారు. ముస్లింల నికాహ్‌నామాలో షరతులు రాసుకునే వీలు ఎప్పటి నుంచో ఉంది. హిందూ వివాహానికి ముందు రాసుకున్న ఒప్పందాన్ని మాత్రం కోర్టులు మామూలు కాంట్రాక్టులా అమలు చేయించవు. కాబట్టి స్టాంపు పేపరు కోసం నా దగ్గరికి రాకండి. నోటుబుక్ చాలు. రాయడం వల్ల ప్రయోజనం వేరే ఉంది. నోటితో “చూద్దాంలే” అనేసిన మాటను కాగితం మీద పెట్టాలంటే చెయ్యి ఆగుతుంది. చెయ్యి ఆగిన చోటే అసలు మాట మొదలవుతుంది.

ఆరోగ్యం సంగతి కూడా అక్కడే ఉంది. ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి వైపు కిడ్నీ జబ్బు ఇళ్లలో పెళ్లి సంబంధాలు వెనక్కిపోయిన బాధ మనకు తెలుసు. ఊరి పేరు చెబితేనే లేచిపోయినవాళ్లు ఉన్నారు. అది అన్యాయం. ఊరికి ముద్ర వేసి పిల్లల్ని కాదనకూడదు, అలాగని మనిషికి ఉన్న జబ్బును దాచి తాళి కట్టించకూడదు. సీతంపేట ఏజెన్సీలో సికిల్‌సెల్ సమస్య ఉంది. 2023లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమంలో పరీక్ష చేసి కార్డులిస్తున్నారు. ఇద్దరూ ఆ లక్షణాన్ని మోసేవాళ్లయితే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. జాతకాలు కలిపి చూసుకునే చోట ఆ కార్డులు కూడా పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇంత లెక్కలు వేస్తే ప్రేమ ఎక్కడ ఉంటుందని అడిగే పెద్దలున్నారు. గోరా గారి పెద్దమ్మాయి మనోరమ కథ చెబుతాను. అగ్రకులంలో పుట్టిన అమ్మాయి, అంటరానివాళ్లని పేరు పెట్టిన కులానికి చెందిన అర్జునరావును చేసుకోవాలని నిశ్చయించుకుంది. గోరా నాస్తికుడు. గాంధీగారు దేవుడిని నమ్మిన మనిషి. అయినా ఈ పెళ్లి తానే సేవాగ్రామంలో చేయిస్తానన్నారు. అయితే రెండేళ్లు ఆగమన్నారు. అమ్మాయి చిన్నది. అర్జునరావును ఆ కాలమంతా సేవాగ్రామంలో ఉండి పని నేర్చుకోమన్నారు. ప్రమాణాల్లో దేవుడి ప్రస్తావన ఉండకూడదన్న గోరా కోరికకు గాంధీగారు ఒప్పుకున్నారు. ఎవరి నమ్మకం వాళ్లది, ఒకరు గడువు అడిగారు, ఒకరు మాట మార్పు అడిగారు. గాంధీగారు హత్యకు గురయ్యాక 1948 మార్చిలో ఆ పెళ్లి సేవాగ్రామంలోనే జరిగింది. ఆ రెండేళ్లూ మనోరమ, అర్జునరావుల నిశ్చయాన్ని ఏమీ తగ్గించలేదు.

ప్రేమించి చేసుకునేవాళ్లకు ఈ మాటలు ఇంకా అవసరమని నా అనుభవం. పెద్దలు కుదిర్చిన పెళ్లిలో కనీసం అప్పులు, ఆస్తులు ఎవరో ఒకరు విచారిస్తారు. ప్రేమపెళ్లిలో “నీకు నేను, నాకు నువ్వు” అనుకుని ఏమీ అడగరు. అడిగితే నమ్మకం లేనట్టు అనుకుంటారు. మూడేళ్లు కాలేజీలో కలిసి తిరిగినవాళ్లు కూడా, పుట్టబోయే పిల్లలకు ఏ ఇంటి పద్ధతి, అతని తండ్రికి జబ్బు చేస్తే ఎవరు ఇంట్లో ఉంటారు, ఆమె పై చదువుకు వెళితే అతను వెంట వస్తాడా అన్నవి మాట్లాడుకోకుండానే గుడికి వెళ్లి దండలు మార్చుకుంటారు.

ఇంకొక మాట, ఇది కొంచెం కష్టమైనది. మాట్లాడుకున్నాక కుదరకపోవచ్చు. ఒక ఆర్మీ అబ్బాయి, ఒక నర్సు అమ్మాయి నాకు తెలుసు. ఇద్దరూ మంచివాళ్లు. అతను తన సర్వీసు అయ్యేదాకా ఆమె పల్లెలో తల్లిదండ్రుల దగ్గర ఉండాలన్నాడు. పొలం ఉంది, ముసలివాళ్లు, వేరే దిక్కు లేదు. ఆమె పెద్ద ఆసుపత్రిలో పని నేర్చుకుని విదేశాలకు వెళ్లాలనుకుంది. రెండు నెలలు ఫోన్‌లో మాట్లాడుకున్నారు. ఇద్దరూ ఏడ్చారు. ఆ పెళ్లి ఆగిపోయింది. చుట్టాలు “సంబంధం తప్పింది” అని ఆ పిల్లకు ఏదో లోటు ఉన్నట్టు మాట్లాడారు. నేను దాన్ని మంచి పని అంటాను. ఇద్దరిలో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఎవరూ తలొంచి తరవాత పళ్లు కొరుక్కోలేదు. ఆ అబ్బాయికి ఊళ్లో ఉండడానికి ఇష్టపడే అమ్మాయి దొరికింది. ఈమె ఇప్పుడు తన దారిలో ఉంది.

అందుకే ఇది నిశ్చితార్థానికి ముందు జరగాలి. తాంబూలాలు మార్చుకున్నాక వెనక్కి తగ్గితే ఆడపిల్ల పేరు పోతుందని మనం అంటాం. పేరు పోగొట్టేది మనమే, అది వేరే మాట. అది మారేదాకా అయినా చూపులకీ నిశ్చితార్థానికీ మధ్య రెండు నెలలు ఉంచండి. ఆ రెండు నెలల్లో వాళ్లను మాట్లాడుకోనివ్వండి, కలుసుకోనివ్వండి. హాల్లో కాగితం అందాకా తీయకండి. ఆ కాగితంలో కట్నం అంకె అసలు ఉండకూడదని వకీలుగా నేను చెప్పి తీరాలి, చట్టం అదే చెబుతుంది. సారె, బస్సులు, భోజనాలు రాసుకోండి, ఆ ఇద్దరి మాట తేలాకే.

తండ్రులు అడుగుతారు: “మా పిల్ల ఇన్ని అడిగితే వాళ్లు లేచిపోతారేమో అమ్మా?” లేచిపోయేవాళ్లు ఉంటారు. మాట్లాడినందుకే లేచిపోయిన ఇంట్లో ఆ పిల్ల రేపు జ్వరం వచ్చిందని ఎవరితో చెప్పుకుంటుంది? అది మీరే ఆలోచించండి. అబ్బాయిల తల్లులకు కూడా ఒక మాట. మీరు ఏదీ అడక్కుండా వచ్చినవాళ్లే. మీ కోడలు అడిగితే మీకు గుచ్చుకోవడం సహజం. మీరు ఏం అడగాలనుకుని అడగలేకపోయారో ఒక్కసారి మీ అబ్బాయితో చెప్పండి. పెళ్లిచూపులకు వెళ్లే ముందు రోజు చెప్పండి.

వెనక బెంచీల్లో డిగ్రీ కాలేజీ పిల్లలు చాలామంది కూర్చున్నారు. కార్యక్రమం ప్రకారం ఇప్పుడు ప్రశ్నలు. పెద్దలు మన్నించాలి, మొదట వాళ్లు అడుగుతారు. చేతులెత్తండమ్మా.